వెనక్కి చూడని రోజు

ఎవరైనా వెనక నుంచి పిలిస్తే నేను తిరిగి చూడను. ముందుకు వచ్చి మాట్లాడితే మాట్లాడతాను. మా బంధువుల్లో దీనికి పొగరని పేరు. గల్ఫుకు పోయివచ్చింది కదా, మెడ బిరుసెక్కిందని మా మరదలు పెళ్ళిళ్ళలో చెబుతుంటుందట. పొగరు నాకు పుట్టుకతోనే ఉంది, దానికోసం విమానమెక్కాల్సిన పని లేదు. మెడ సంగతి మాత్రం జిద్దాలో నేర్చుకున్నదే.

నేను పనిచేసిన ఇల్లు బలద్‌లో ఉండేది. బలద్ అంటే జిద్దాలో పాత ఊరు. సముద్రపు రాయితో కట్టిన నిలువెత్తు ఇళ్ళు, వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క జాలీల కిటికీలు, పగలే చీకటిగా ఉండే సందులు. డబ్బున్న కుటుంబాలన్నీ అప్పటికే ఉత్తరాన కొత్త విల్లాలకు వెళ్ళిపోయాయి. మా ఇంటి పెద్దావిడ ఒక్కతే కదలనని కూర్చుంది. ఆమెకు దగ్గరున్న కొడుకు మా సార్ ఒక్కడే, కాబట్టి ఆయనా, మేడమ్, పిల్లలూ కదల్లేదు. కింద హాలు, మెట్లెక్కగానే పెద్దావిడ గది, ఆ పై రెండు అంతస్తుల్లో వాళ్ళ కాపురం, ఇంకా పైన అన్నీ తాళాలు.

ఆ ఇంటికి రెండు గుమ్మాలు. వీధి వైపు చెక్కడపు పని ఉన్న పెద్ద తలుపు మగవాళ్ళకీ, అతిథులకీ. వంటగది పక్కనున్న చిన్న తలుపు ఆడవాళ్ళకీ, చెత్తకీ, నాకూ. ఈ వరుసలో నన్ను చివర పెట్టింది నేను కాదు.

నేను కడప దగ్గర కాలేజీలో చరిత్ర చదివి బి.ఏ. పాసైనదాన్ని. పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పని అన్నాడు ఏజెంటు. అబద్ధమేమీ కాదు, చెప్పాను. బియ్యం ఏరుతూ, ఇస్త్రీ చేస్తూ, స్నానాల గది కడుగుతూ చెప్పాను.

ఆ ఇంట్లో ఇంకో ఆడమనిషి ఉండేది. నల్లగా, సన్నగా, ఆ వయసులోనూ గోడకు ఆనించిన కర్రలా నిటారుగా ఉండేది. అందరూ ఆమెను దాదా అనేవారు. పిల్లల్ని ఎత్తి పెంచిన నల్లజాతి ఆడవాళ్ళను ఆ ఊళ్ళో అలాగే పిలుస్తారు. మా వైపు దాదా అంటే బజారులో చొక్కా పట్టుకునేవాడు. మొదటి వారం నాకు నవ్వాగలేదు. తరవాత సంగతి తెలిశాక నవ్వు రాలేదు.

దాదా పెద్దావిడతో పుట్టింటి నుంచి వచ్చింది. పరుపులు, ఇత్తడి సామాను, దాదా. బానిస. ఆ మాట ఇంట్లో ఎవరూ దాచలేదు, ఎవరూ అననూ లేదు. దేశంలో బానిసలందరినీ వదిలేయాలని రాజుగారి ఆజ్ఞ వచ్చేనాటికి ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. వదిలేశారు. ఎక్కడికి పోతుంది? పుట్టిన ఊరు సముద్రానికి అవతల ఎక్కడో. అమ్మ ముఖం గుర్తులేదు. ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

హాజీల దగ్గర నేర్చుకున్న ఉర్దూ, తన అరబ్బీ కలిపి నాతో మాట్లాడేది. ఇన్నేళ్ళకు నా తలలో ఆమె మాటలన్నీ మా కడప యాసలోకి మారిపోయాయి. అలాగే రాస్తున్నాను, నాకు వేరే దారి లేదు.

నేను వెళ్ళిన ఏడాదే కువైట్ గొడవ మొదలైంది. చలికాలం వచ్చేసరికి రేపో మాపో యుద్ధమన్నారు. రియాద్ మీదా దమ్మామ్ మీదా రాకెట్లు పడతాయని భయపడి రియాద్‌లో ఉండే సార్ అన్న కుటుంబమంతా మా ఇంటికి వచ్చి పడింది. విషవాయువు వస్తే దూరి కూర్చోవడానికి ఒక గది కావాలి కాబట్టి పెద్దావిడ గదిని ఎంచారు. నేనూ దాదా కలిసి దాని కిటికీ జాలీలకు ప్లాస్టిక్ కప్పి, సందు సందుకీ వెడల్పు టేపు అంటించాం. దీపం మంట కూడా కదలనంత బిగువుగా మూశాం. ఈ టేపు సంగతి గుర్తుంచుకోండి.

ఆ హడావిడిలో ఒకరోజు, వాళ్ళ నెలల్లో రజబుకు ముందు నెల, మూడో నమాజు అయ్యాక దాదా పని ఆపేసింది. స్నానం చేసి, ఒళ్ళంతా కప్పే కొత్త నల్ల అబాయా వేసుకుని, సాంబ్రాణి పొగ పట్టించుకుని, పెద్ద తలుపు వైపు నడిచింది. ఎప్పుడూ ఆ తలుపు ముట్టుకోని మనిషి గడియ తీసింది.  ఇంట్లో వాళ్ళందరూ ఏదో ఒక పని కల్పించుకుని గదుల్లోకి పోయారు.

మంచం దిగడానికే ఇద్దరు సాయం పట్టాల్సిన పెద్దావిడ ఒక్కతే మెట్ల పైన కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"యా బింత్," అని పిలిచింది.

ఏయ్ పిల్లా అని అర్థం. డెబ్భై ఏళ్ళ దాదానీ అలాగే పిలిచేవారు, ముప్పై ఐదేళ్ళ నన్నూ అలాగే పిలిచేవారు. దాదా గడప దాటింది. మళ్ళీ పిలిచింది, ఈసారి కోపంగా. దాదా వీధిలోకి దిగింది. మూడోసారి బతిమాలినట్టు పిలిచింది. దాదా మెడ కదల్లేదు. ఉడికించిన శనగల గిన్నె నెత్తిన పెట్టుకుని, ఏమీ అర్థంకాక, నేను చిన్న తలుపులోంచి బయటపడి ఆమె వెంట నడిచాను. ఆ గిన్నె మోయడానికే నన్ను రమ్మంది.

రెండు సందులు దాటాక అడిగాను. "వినపడలేదా నీకు? ఆ ముసిలామె అట్ల అరస్తాంటే?"

"వినపడాల కదా," అంది దాదా. "వినపడి చూడకుండా పోవాల. అదే ఈ పొద్దు పండగ."

వేరే ఒక పాత ఇంటి పై డాబా మీద, చుట్టూ ఎత్తైన పిట్టగోడ మధ్య ఆ పండగ. అంతా ఆడవాళ్ళే. ఒకప్పుడు ఏదో ఒక ఇంటికి చెందినవాళ్ళు, వాళ్ళ కూతుళ్ళు, మనవరాళ్ళు. వాళ్ళకు విడుదల వచ్చిన రోజుకు ఆ ఊళ్ళో బోర్డు లేదు, సెలవు లేదు, పేపర్లో ముక్క లేదు. ఎవరైనా అడిగితే పెళ్ళి విందు అని చెబుతారు. మెట్ల దగ్గర ఒక పొడుగాటి ఆమె కాపలా కూర్చుంది. పగలంతా బజారులో పుచ్చగింజలు అమ్మే మనిషి. వచ్చిన ప్రతి ఆడదాన్నీ రెండే ప్రశ్నలు అడిగింది.

"పిలిచినారా?"

"పిలిచినారు."

"చూసినావా?"

"లేదు."

అప్పుడు మోకాళ్ళు జరిపి దారి ఇచ్చేది. విడుదలైన నాడు ప్రతి ఇంట్లోనూ వెనక నుంచి పిలిచారట. కొందరిని తిట్టి, కొందరిని ఏడ్చి, ఒకామెను ఆమె పాలిచ్చి పెంచిన బిడ్డ చేత పిలిపించారట. తిరిగి చూసినవాళ్ళు గడప దాటలేకపోయారు. అందుకని ఏటా ఆ రోజు మళ్ళీ పిలిపించుకుని, మళ్ళీ చూడకుండా రావాలి. పిలిచేవాళ్ళు ఆ ఇంటివాళ్ళే అయ్యుండాలి, ఇంటి లోపలినుంచే పిలవాలి. పిలవకుండా వస్తే బజారుకు వచ్చినట్టే, లెక్కలోకి రాదు.

నేను ఊరుకోలేదు. చరిత్ర చదివినదాన్ని, ఊరుకుంటే డిగ్రీ వెనక్కి అడుగుతారు. "విందు తిని మళ్ళా ఆ ఇంటికే పోతావు కదా. ఇంగ ఇదేం విడుదల?" అన్నాను దాదాతో.

"పనికి పోతా. పిలిస్తే పోను," అంది. "నీకు తేడా తెల్లేదంటే ఇంగా కొత్తలే."

కింది మెట్టు మీద అన్నం, శనగలు కలిపిన ఒక గిన్నె పెట్టి ఉంది. ఎవరికని గింజలామెను అడిగాను.

"తిరిగి చూసినోళ్ళకి."

"పిల్లులకు అని చెప్పరాదా?"

"పిల్లులకైతే చెంచా ఎందుకే?"

నిజమే, గిన్నెలో చెంచా ఉంది. పైన ఆడవాళ్ళు కాఫీ గింజలు దంచే ఇత్తడి రోలును ఖాళీగా పెట్టి, వంతులవారీగా దంచారు. పాట లేదు. రోలు ఒక్కటే మోగింది, తలుపు కొట్టినట్టు. పెద్ద పెద్ద యుద్ధ విమానాలు ఊరి మీదుగా తక్కువ ఎత్తులో పోతున్నప్పుడు ఆపేవారు, పోయాక అందుకునేవారు. పొద్దుగూకే ముందు దిగి వస్తుంటే కింది మెట్టు మీద గిన్నె ఖాళీగా ఉంది. చెంచా బోర్లించి ఉంది. బలద్‌లో పిల్లులు చాలా తెలివైనవి అనుకున్నాను.

ఆ తరవాత కొద్ది రోజులకే యుద్ధం వచ్చింది. జిద్దా మీద ఏమీ పడలేదు. ఆ యుద్ధంలో మా ఇంట్లో పోయింది పెద్దావిడ ఒక్కతే, టేపు వేసిన గదిలో, తన మంచం మీదే. ఆమెను కడిగి తెల్లగుడ్డ చుట్టింది దాదానే. ఏడవలేదు. గదికి తాళం వేశారు. టేపు ఎవరూ పీకలేదు.

ఇక బలద్‌లో ఉండాల్సిన పని లేదు కాబట్టి సార్ ఉత్తరాన విల్లా తీసుకున్నాడు. దాదాకు అక్కడ విడిగా గది, గదిలో ఏసీ అన్నాడు. "నువ్వు మాకు అమ్మలాంటిదానివి, చివరిదాకా మేమే చూసుకుంటాం," అన్నాడు. ఆయన మంచివాడే, నిజంగానే అన్నాడు.

దాదా ఆ పూట వంటగదిలో నా పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ చెప్పింది. "నా శవం ఈళ్ళ గడపలోంచి పోగూడదు. సామానుతో వచ్చినా. సామానుతో పోను."

"ఐతే పో. ఎవరు పట్టుకున్నారు నిన్ను? ఆ గింజలామె దగ్గర ఉండు."

"ఉంటా. ఆ దినం వచ్చినాక పోతా. పిలిపించుకుని పోతా. అట్ల పోతేనే పోయినట్టు." వెల్లుల్లి రెబ్బను గోటితో గిల్లింది. "పిలిచేది పోయింది. అదే కష్టం వచ్చింది."

మేడమ్‌ను అడిగింది. ఆమె ముఖం ఎర్రబడింది. మా ఇంట్లో ఎవరూ బానిస కాదు, అలాంటి మాటలు పిల్లల ముందు ఎత్తకు అని లేచి వెళ్ళిపోయింది. సార్‌ను అడిగితే నవ్వి భుజం తట్టాడు. ఇక మిగిలింది నేను. ఏడాది తిరిగి మళ్ళీ ఆ నెల వచ్చింది. కుటుంబమంతా విల్లాకు మారింది. పాత ఇంట్లో మిగిలిన సామాను సర్దడానికి దాదానూ నన్నూ ఉంచారు. ఆ రోజు పొద్దున్నే దాదా నన్ను పట్టుకుంది.

"నువ్వు పిలువు."

"నేను పిలవను."

"నువ్వూ ఈ ఇంట్లో మనిషివే కదా. ఈ ఇంటి ఉప్పు తిన్నావు. లోపల నిలబడి పిలిస్తే చాలు."

"నేను ఈ ఇంటి మనిషినని ఎవరు చెప్పినారు నీకు? అయినా మా ఊర్లో గడప దాటేవాళ్ళను వెనక నుంచి పిలవరు. మా జేజి, నాయనను కన్నామె, ఉన్నిందంటే చీపురు తిరగేసేది. యాడికి పోతాండావు అని అడిగినా అంతే. పోయే పని చెడుతుంది. అట్ల ఎవరన్నా అడిగితే వెనక్కొచ్చి, కూచోని, నీళ్ళు తాగి, మళ్ళా బయల్దేరాల."

దాదా నన్ను ఎగాదిగా చూసింది. "చదువుకున్నా అంటివే."

"చదువుకున్నా. నాకు వాటిమీద నమ్మకం లేదు."

"ఐతే పిలువు."

"నమ్మకం లేదు కానీ పిలవను."

దీనికి ఆమె నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ ఖాళీ ఇంట్లో, తివాచీలు తీసేసిన గదుల్లో, మా ఇద్దరి వాదనా పొద్దంతా సాగింది. వాదన మధ్యలో నాకు తెలియకుండానే తెలుగులోకి జారిపోయేదాన్ని. నాకు అది అలవాటే. ఆ ఇంట్లో నాకు తెలుగు వినేవాళ్ళు లేరు కాబట్టి గోడలతోనే పోట్లాడేదాన్ని. ఏమే, ఇంత మురికి యాడినుంచి వస్తాంది అని మెట్లను, ఏమే, నీకు పొగరా అని కుక్కర్‌ను తిట్టేదాన్ని. ఖాళీ గదుల్లో ఆ రోజు నా మాట నాకే తిరిగి వినపడుతుంటే గొంతు తగ్గించాను.

చివరికి ఒప్పుకున్నాను. ఆమె గెలిచిందని కాదు, ఆమె కట్టుకున్న మూట చూసి.  ఒక జత బట్టలు, సాంబ్రాణి డబ్బా, అంతే ఆ మూట. ఎన్నేళ్ళ కాపురం.

మూడో నమాజు వేళ అయింది. దాదా పెద్ద తలుపు గడియ తీసింది. నేను మెట్ల కింద, హాలు మధ్యలో, ఆమె మూట పట్టుకుని నిలబడ్డాను. వీధి వెలుతురు లోపలికి పడింది. ఆమె గడప మీద కాలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. నేను పిలవాలి. నోరు తెరిచాను. నాలుక కదల్లేదు. మా జేజి చీపురు నాకు కళ్ళముందు కనపడింది. చదువు, చరిత్ర, అన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. దాదా వీపు చూస్తూ నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఇక ఆమె బయటికి వెళ్ళిపోతుంది, పిలవకుండా, బజారుకు పోయినట్టు.

"యా బింత్."

నేను కాదు. పై నుంచి వచ్చింది. కోపం లేదు అందులో, తొందర లేదు. మంచం మీద పడుకుని మంచినీళ్ళకు పిలిచినట్టు ఉంది.

దాదా గడప దాటింది.

"యా బింత్."

దాదా వీధిలో ఉంది. నేను వెనక్కి తిరిగాను. ఎవరైనా తిరుగుతారు. ఆ ఇంట్లో ఆ పిలుపుకు తిరగడమే నా ఉద్యోగం. మెట్ల పైన కమ్మీ, దాని వెనక పెద్దావిడ గది తలుపు. తలుపుకు తాళం అలాగే ఉంది, తాళం మీద దుమ్ము అలాగే ఉంది. నేను చూస్తుండగానే మూడోసారి వచ్చింది. ఈసారి గది తలుపు దగ్గర్నుంచి కాదు, ఇంకా కిందినుంచి, మెట్ల సగం దగ్గర్నుంచి.

నేను పరుగెత్తానని ఎవరైనా అంటే ఒప్పుకోను. వేగంగా నడిచాను. పెద్ద తలుపులోంచే నడిచాను, దాన్ని వేయకుండానే.

గాలి అని మీరు అనబోతున్నారని తెలుసు. జాలీల్లోంచి గాలి దూరితే పాత ఇళ్ళు రకరకాలుగా కూస్తాయి, నేనూ విన్నాను. ఆ గదికి టేపు వేసింది నా చేతులతో. పాత కొయ్య ఎండకు వ్యాకోచించి అలా కిర్రుమని ఉంటుందని తరవాత చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. పాత ఇల్లు కదా అనుకున్నాను. ఆ మాట చాలాకాలం పనిచేసింది.

డాబా ఇంటి మెట్ల దగ్గర గింజలామె ఉంది.

"పిలిచినారా?" అని దాదాను అడిగింది.

"పిలిచినారు."

"చూసినావా?"

"లేదు."

"ఎవరు పిలిచినారు? ఆ ముసిలామె పోయింది కదా."

"ఎప్పుడూ పిలిచేదే పిలిచింది," అంది దాదా. గింజలామెకు ఆశ్చర్యం కలగలేదు. మోకాళ్ళు జరిపింది. దాదా నా చేతిలో మూట తీసుకుని పైకి ఎక్కిపోయింది. నేనూ కాలు పెట్టబోతే మోకాళ్ళు మళ్ళీ అడ్డం వచ్చాయి.

"నువ్వు?"

"నేనేం బానిసను కాదు. నన్నడగాల్సిన పని లేదు."

"అది అడగలేదే నేను. పిలిచినప్పుడు చూసినావా?"

"చూసినా. ఎవరో చూడొద్దా?"

"ఐతే పైకి రాగూడదు. వచ్చే ఏడు రా."

నాకు ఒళ్ళు మండింది. "ఏందిమే నీ పెత్తనం? నేను కాంట్రాక్టు మీద వచ్చినదాన్ని. కాంట్రాక్టు అయిపోతే మా ఊరికి పోతా."

"ఎప్పుడైపోతాది?"

 అయిపోయి అప్పటికే చాలా నెలలైంది. ఇల్లు మారాక చూద్దాం అన్నాడు సార్. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. ఈ దేశం విడిచిపోవాలంటే ఖురూజ్ ముద్ర పడాలి, అది ఆయన వేయిస్తేనే పడుతుంది. ఇవన్నీ గింజలామెకు నేను చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. నా ముఖం చూసి, కింది మెట్టు మీద ఉన్న గిన్నె తీసి నా చేతికి ఇచ్చింది.

"కూచోని తిను. ఆకలితో పోవద్దు."

పోయినేడు పిల్లుల గిన్నె అన్నానే, అదే. తిననని చెప్పి వెళ్ళిపోవచ్చు. కానీ ఆ ఖాళీ ఇంటికి ఒక్కదాన్నే, అప్పుడే, వెళ్ళాలనిపించలేదు. కింది మెట్టు మీద కూర్చున్నాను. పైన ఇత్తడి రోలు మోగడం మొదలైంది. శనగలు వెచ్చగానే ఉన్నాయి. రెండు ముద్దలు తిన్నాక, నాకు ఎడమ పక్క ఎవరో కొంచెం జరిగి చోటిచ్చినట్టయింది. బస్సులో మనం మూటతో ఎక్కితే పక్కనామె కొంగు సర్దుకుని జరుగుతుంది చూడండి, అలా. అబాయా గుడ్డ రాయి మీద రాసుకున్న చప్పుడు. నేను అటు చూడలేదు. గిన్నెలో సగం మిగిల్చి, చెంచా దాంట్లో పెట్టి, మెట్టు మీద పక్కకు జరిపాను. మా ఇంట్లో ఎవరికైనా అన్నం మిగిల్చితే అలాగే జరుపుతాం. లేచి వచ్చేశాను. వీధి మలుపు దాకా వచ్చాక చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు వినపడింది.

దాదా మళ్ళీ రాలేదు. సార్ మనుషుల్ని పంపాడు, తానే స్వయంగా వెళ్ళాడు, ఏడ్చాడు కూడా అన్నారు. ఆమె గింజలామె గదిలో ఉండి, మరుసటి వానల్లో అక్కడే పోయింది. ఆ ఆడవాళ్ళే కడిగి, గింజలామె గడపలోంచే పంపారు. మా డ్రైవరు వచ్చి చెప్పాడు. కరీంనగర్ వైపు అబ్బాయి, నన్ను అక్కా అనేవాడు, బజారు కబుర్లన్నీ అతనే తెచ్చేవాడు.

నేను విల్లాలో ఉన్నాను. కొత్త ఇల్లు, సిమెంటు వాసన, నున్నటి పాలరాయి, చెక్క జాలీలు లేవు. ఆ గోడల మధ్య ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు. అక్కడ నేను బాగానే నిద్రపోయాను. ఖురూజ్ కోసం సార్‌తో వాదించాను, మేడమ్‌తో వాదించాను, ఒకపూట వంట మానేశాను, ఇంకోపూట అన్నం మానేశాను. వినేవాళ్ళు లేనప్పుడు తెలుగులో గోడలతో వాదించాను. చివరికి నా నోటికి జడిసే పంపేశారనుకుంటాను. పాస్‌పోర్టులో ముద్ర పడింది. విమానం ఏ రోజు అని చూస్తే రజబుకు ముందు నెల, సరిగ్గా ఆ పండగ రోజు. ఆ రోజే అని నేను ఎంచలేదు. డ్రైవరుతో మాత్రం అన్నాను, ఆ గింజలామెకు కనపడితే నేను పోతున్నానని చెప్పమని.

ఆ మధ్యాహ్నం సార్ పిల్లల్ని బడి నుంచి తీసుకురావడానికి వెళ్ళాడు, మేడమ్ పుట్టింట్లో ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. డ్రైవరు నా సూట్‌కేసు కారులో పెట్టి గేటు బయట నిలబడ్డాడు. నేను ముందు తలుపులోంచే బయటికి నడిచాను. ఎవరినీ అడగలేదు. గేటు దాకా పాలరాళ్ళ బాట. గేటు తెరిచి ఉంది. అవతల రోడ్డుకు ఆ పక్క గోడ నీడలో నల్ల అబాయాల్లో ఆడవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు, టాక్సీ కోసం చూస్తున్నట్టు. ముందు గింజలామె, చేతుల్లో నీళ్ళ కూజా, చెంబు.

"ఏమే."

నా వెనక నుంచి, ఇంటి లోపలినుంచి.

"ఏమే, యాడికి పోతాండావు?"

తెలుగు. గేటు బయటున్న డ్రైవరు కాక ఆ ఇంట్లో తెలుగు తెలిసిన మనిషి నేనొక్కదాన్నే. నా కాలు ఆగిపోయింది. ఆ మాట అడిగితే ఏం చేయాలో నా ఒంటికి తెలుసు: వెనక్కి వెళ్ళాలి, కూర్చోవాలి, నీళ్ళు తాగాలి, మళ్ళీ బయల్దేరాలి. లేకపోతే పోయే పని చెడుతుంది. చిన్నప్పటి నుంచి ఆ మాట విని వెనక్కి వెళ్ళని రోజు లేదు. మడమ తిరగబోయింది కూడా.

గేటు దగ్గర డ్రైవరు నా వెనక్కి తొంగి చూస్తున్నాడు. "అక్కా, ఇంట్ల ఎవరో మనోళ్ళున్నరా?"

"ఎవరూ లేరు."

"పిలుస్తున్నరు గదా. మీ దిక్కు యాస." అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "గొంతు గూడ నీ లెక్కనే ఉన్నది అక్కా."

నాకూ తెలిసింది. కుక్కర్‌ను తిట్టే గొంతు, మెట్లను తిట్టే గొంతు. పాత ఇల్లు కదా, కొయ్య కదా అని నేను దాచుకున్న మాట ఆ పాలరాళ్ళ మీద ఎక్కడో జారిపోయింది.

"యాడికే?" అంది మళ్ళీ. ఇంకొంచెం దగ్గర్నుంచి.

మెడ బిగించి నడిచాను. గేటు దాటాను, రోడ్డు దాటాను. గోడ నీడలోకి వెళ్ళాను.

"పిలిచినారా?" అంది గింజలామె.

"పిలిచినారు."

"చూసినావా?"

"లేదు."

ఎవరు పిలిచారని ఆమె అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. నేను ఆ పరాయి గోడ పక్కన రోడ్డు అంచున కూలబడి, కూజా వైపు చెయ్యి చాపాను. "నీళ్ళు ఇయ్యి," అన్నాను.

ఆమె చెంబులోకి వంచి ఇచ్చింది. కూర్చుని, మొత్తం తాగి, లేచి, కారెక్కాను.